పులి సరే... అంకెల మాటేమిటి?

‘ఐటీ కంపెనీల బలాబలాల మీద ముఖచిత్ర కథనం కావాలి, శుక్రవారం సాయంత్రానికల్లా’ అన్నారు ఎడిటర్. సరుక్కి కొదవ లేదు. డాలరు, ఏఐ, లేఆఫ్‌లు, కొత్త హెచ్‌-1బీకి లక్ష డాలర్లు కట్టాలంటూ 2025 సెప్టెంబరులో ట్రంప్ తెచ్చిన ఉత్తర్వు... ఎన్నని? అయినా నా చెయ్యి ఓ పాత కాగితం మీదికే పోయింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ బి.రామలింగరాజు తన బోర్డుకు రాసిన ఒప్పుకోలు ఉత్తరం అది.

ఆ ఉత్తరం అనగానే అందరికీ పులే గుర్తొస్తుంది. స్వారీ మొదలెట్టాక, దానికి ఆహారం కాకుండా దిగే దారి తెలియలేదన్న మాట. హెడ్డింగులు పెట్టే మేమూ అక్కడే ఆగిపోయాం. పులి వచ్చేది మాత్రం తర్వాత. ఉత్తరం మొదలయ్యేది అంకెలతో.

2008 సెప్టెంబరు 30 నాటి పద్దుల్లో నగదు, బ్యాంకు నిల్వలు రూ.5,361 కోట్లు. అందులో లేనివి రూ.5,040 కోట్లు! దాని కిందే ఇంకో పద్దు: రావలసిన వడ్డీ రూ.376 కోట్లు, అదీ లేదు. లేని డబ్బు బ్యాంకులో ఉందన్నాక దానికి వడ్డీ కూడా లెక్కగట్టాలి కదా, గట్టారు. చూపని అప్పు రూ.1,230 కోట్లు, ఎక్కువ చేసి చూపిన బాకీలు రూ.490 కోట్లు. మొత్తం రూ.7,136 కోట్లు.

నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ తర్వాతి లెక్క. ఆ సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికంలో ఆదాయం రూ.2,700 కోట్లని ప్రకటించారు, అసలు వచ్చింది రూ.2,112 కోట్లు. నిర్వహణ లాభం 24 శాతమన్నారు, అసలుది 3 శాతమేనట. అంటే పనిలో నాలుగింట మూడొంతులకు పైగా నిజమే, లాభం మాత్రం దాదాపు ఉత్తిదే. ఈ 3 శాతం నాకు మింగుడు పడదు. అదే హైదరాబాద్‌లో, అవే జీతాలిస్తూ, అలాంటి క్లయింట్లకే పనిచేసే పెద్ద కంపెనీలు ఇరవై శాతానికి పైగా మిగుల్చుకుంటుంటే, ఒక్క సత్యానికే ఏమీ మిగల్లేదా? తానుగానీ తమ్ముడుగానీ కంపెనీ నుంచి రూపాయి తీసుకోలేదని ఉత్తరంలో ఉంది. నమ్మేవాళ్లు నమ్మొచ్చు.

ఔట్‌సోర్సింగ్‌లో గోడౌను ఉండదు, సరుకు ఉండదు. ఉండేది మనుషులు, వాళ్ల గంటలు. ప్రాజెక్టులో ఎవరు ఎన్ని గంటలు చేశారన్న లెక్క నుంచే ఇన్‌వాయిస్ పుట్టాలి. గంటలే లేని వేల ఇన్‌వాయిస్‌లను ‘సూపర్ యూజర్’ లాగిన్‌తో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, ప్రాజెక్టు విభాగాల కంట పడకుండా దాచారన్నది సీబీఐ ఆరోపణ. క్లయింట్లకు సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే కంపెనీ ఆ విద్యను తన పుస్తకాల మీదే చూపిందన్నమాట. మరి ఆడిటర్లు? బ్యాంకు నిల్వల ధ్రువీకరణ పత్రాలను నేరుగా బ్యాంకుల నుంచి తెప్పించుకోకుండా కంపెనీ చేతికే వదిలేశారని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ 2011లో తేల్చింది. ఇంత సాఫ్ట్‌వేర్ నడుమ, కొరియర్ కవరు ఎవరు పంపారో చూడాల్సిన పని మిగిలిపోయింది!

సత్యం చరిత్ర నాలుగు ముక్కల్లో: 1987లో పుట్టింది, 1991లో జాన్ డీర్ పని దొరికింది, వైటూకే ఊపుతో ఎదిగి 2001లో న్యూయార్క్ ఎక్స్ఛేంజీ ఎక్కింది. 2008 డిసెంబరు 16న 160 కోట్ల డాలర్లతో రాజు కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను కొంటామంది. లేని నగదిచ్చి ఉన్న ఆస్తులు తెచ్చుకునే ఆఖరి ప్రయత్నమని ఉత్తరమే ఒప్పుకుంది. మదుపరులు గగ్గోలు పెట్టడంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది.

మరి బలమేది? ఉత్తరం బయటపడ్డ రోజున షేరు మూడొంతులకు పైగా కూలింది. అయినా మర్నాడు పొద్దున్నే పని ఆగలేదు. ఒక కంపెనీ జీతాల సాఫ్ట్‌వేరో, స్టాకు లెక్కలో ఏళ్ల తరబడి చూస్తున్న బృందాన్ని రాత్రికి రాత్రి మార్చడం ఏ క్లయింటుకైనా కష్టం. ఆ కోడ్‌లో ఏ మూల ఏముందో వాళ్లకే తెలుసు. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు రూ.58 ఇచ్చి కొన్నది ఆ పట్టునే. 2013లో సత్యాన్ని పూర్తిగా కలిపేసుకుంది. పద్దుల్లో ఎక్కడా కనబడని ఆస్తి అదొక్కటే నిజమైనది కావడం నాకిప్పటికీ విచిత్రమే. ఏఐ ఇప్పుడు సరిగ్గా దాని మీదికే వస్తోంది: పాత కోడ్ చదివి చెప్పే పని యంత్రం చేసేస్తుంటే, గంటల లెక్కన బిల్లు ఎందుకు కట్టాలని క్లయింటు అడగడా?

కథనంలో పట్టనివి

● కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ పురస్కారం సత్యానికి దక్కింది 2008లోనే.

● 108 అంబులెన్స్ సేవను 2005లో మొదలుపెట్టిందీ రాజుగారి సంస్థే. 2009లో జీవీకే చేతికి వెళ్లింది.

● 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుకూ మరో తొమ్మిదిమందికీ ఏడేళ్ల శిక్ష వేసింది. అప్పీలుపై మే నెలలో శిక్ష అమలు ఆగింది, బెయిలొచ్చింది.