చూడని సరస్సు

మనిషికి కొన్ని కోరికలు బడిలోనే పుట్టి, ఉద్యోగాలు, పెండ్లి పేరంటాలు, అప్పులు అన్నీ తీరేవరకు ఓపికగా ఒక మూల కూర్చుండి ఉంటవి. నా కోరిక అటువంటిది.

అమరావతికి చేరువలో, కృష్ణ ఒడ్డున ఉన్న పల్లెలో నేను ఎనిమిదవ తరగతి చదువుకొనే దినాలలో మా తెలుగు మేష్టారు ఆదిపర్వంలోని వసిష్ఠుని కథ చెప్పినారు. కొడుకులనందరినీ పోగొట్టుకొన్న ఆ ఋషి బ్రతుకు చాలించదలచి, త్రాళ్ళతో తన్ను తాను బంధించుకొని ఒక నదిలో దూకినాడు. నది ఆ కట్లు విప్పి ఆయనను ఒడ్డున చేర్చినది. అందుచేత దానికి విపాశ అని పేరు వచ్చినది. మరొక నదిలో పడగా అది నూరు పాయలై తప్పుకొని పోయినది. అది శతద్రువు. మరుసటి గంటలో భూగోళం మేష్టారు గోడపటం మీద బెత్తం ఆనించి బియాస్, సట్లెజ్, చీనాబ్ అని చూపుతూ, వీటి పాత పేర్లే విపాశ, శతద్రువు, చంద్రభాగ అని చెప్పినారు. కథలో నది పటంలో కూడ ఉండవచ్చునని నాకు ఆనాడు తెలిసినది. ఆ మూడు నదులను వాటి కొండలలోనే చూడవలెనని ఆనాడే అనుకొన్నాను.

తరువాత నేను కూడ తెలుగు పండితుడనై ముప్పది ఏండ్లు అదే కథ పిల్లలకు చెప్పాను. చంద్రభాగకు పుట్టుకలో చంద్ర, భాగ అని రెండు ఏరులని, చంద్రకు నీరిచ్చే చంద్రతాల్ అనే సరస్సు సుమారు 14,000 అడుగుల ఎత్తున నెలవంక ఆకారంలో ఉన్నదని చదివినప్పటి నుండి నా కోరికకు ఒక తుది మజిలీ కూడ ఏర్పడినది. ఉద్యోగ విరమణ అయినది. అమ్మాయి కాపురానికి వెళ్ళినది. 2022 సెప్టెంబరులో మా ఆవిడా నేనూ సిమ్లాలో ఒక కారు మాట్లాడుకొని బయలుదేరినాము. డ్రైవరు స్పితి లోయవాడు, పాతికేండ్ల కుర్రవాడు, మితభాషి.

మనాలి వైపునుండి పోతే ఆ సరస్సును ఒక్క దినంలోనే చేరవచ్చును. కాని మావంటి వయసువారు సిమ్లా, కిన్నౌర్, స్పితి మీదుగా మెల్లగా ఎక్కుటే మేలని పెద్దలు చెప్పినారు. డల్హౌసీ ప్రభువు కాలంలో 1850లో మొదలైన హిందూస్థాన్–టిబెట్ దారి ఈ వైపుదే. రాంపూరు చేరకముందే శతద్రువు కంటబడినది. వసిష్ఠునికి నూరు పాయలైన ఆ నది ఇప్పుడు విద్యుత్తుకోసం కొండ కడుపులో దూరుచున్నది. నాథ్పా వద్ద మళ్ళిన నీరు 27 కిలోమీటర్ల సొరంగంలో ప్రవహించి, ఝాక్రీ వద్ద 1,500 మెగావాట్ల విద్యుత్తును పుట్టించి మరల వెలుగు చూచును.

కల్పాలో రెండు రాత్రులు ఉండి, ఖాబ్ వద్ద సట్లెజ్‌ను విడిచి స్పితి నది వెంట తిరిగినాము. అక్కడినుండి చెట్టు లేదు, పచ్చిక లేదు. బూడిదరంగు, పసుపు, గోధుమరంగు కొండలు మాత్రమే. వాన మేఘాలు ఈ గోడలను దాటి రాలేవు. ఇంతటి ఎండు భూమిలో నాకో అనే పల్లె నడుమ చిన్న సరస్సు, దాని చుట్టు విల్లో చెట్లు, అందులో తలక్రిందులుగా కొండ కనబడేసరికి మా ఆవిడ కారు దిగి, చెప్పులు విడిచి, దేవాలయపు కోనేటి వద్ద నిలిచినట్లు నిలిచినది. ఐతే ఈ సీమలో సరస్సులన్నీ ఇంత సాధువులు కావు. టిబెట్టులో పరేచు నదికి 2004లో కొండచరియ అడ్డుపడి ఒక సరస్సు ఏర్పడినది. 2005 జూనులో అది తెగి, స్పితి, సట్లెజ్ లోయలలో వంతెనలను తుడిచిపెట్టినది. మా డ్రైవరు అప్పటికి పసివాడట. రాత్రికి రాత్రి అందరూ మిట్టలెక్కినారని మాత్రం జ్ఞాపకమన్నాడు.

తాబోలో క్రీ.శ. 996లో వెలసిన బౌద్ధ విహారం ఉన్నది. కట్టినది మట్టితో. వెయ్యేండ్లు దాటినది. 1975 నాటి కిన్నౌర్ భూకంపాన్ని కూడ తట్టుకొన్నది. లోపలి చీకటిలో కన్నులు కుదుటపడిన కొలది గోడల మీద బుద్ధులు, దేవతలు ఒక్కొక్కరే బయటికి వచ్చినట్లుండును. అక్కడ ఒక వృద్ధ భిక్షువు మా ఊరేదని హిందీలో అడిగినాడు. ఆంధ్రమన్నాను, ఆయనకు తెలియలేదు. అమరావతి అన్నాను, ముఖం వికసించినది. "ధాన్యకటకం!" అని చేతులు జోడించినాడు. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని బోధించినది ధాన్యకటక స్తూపం వద్దనే అని టిబెటన్ల విశ్వాసం. దలైలామా 1996లో ఈ తాబోలోను, 2006లో మన అమరావతిలోను కాలచక్ర మహోత్సవం జరిపినారు. మా బాల్యంలో గేదెలు మేసిన మిట్టపేరు చెప్పి ఇంత దూరాన ఒకరు నాకు నమస్కరింతురని నేను ఎన్నడూ అనుకొనలేదు.

కాజా సుమారు 12,000 అడుగుల ఎత్తు. అక్కడినుండి ఒక పగలు పైకి పోయి లాంగ్జా పల్లెను చూచాము. ఆ పొలాలలో రాతిగా మారిన సముద్రజీవుల గుల్లలు దొరకును. హిమాలయాలు లేవకముందు అక్కడ టెథిస్ సముద్రం ఉండెను. చేరువనే హిక్కింలో, 14,000 అడుగులకు పైన, ఒక తపాలా కార్యాలయం పనిచేయుచున్నది. మా ఆవిడ అమ్మాయికి ఒక కార్డు వ్రాసినది. ఏమి వ్రాసినదో నేను చూడలేదు. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. అడిగితే, "చలికి సయించడం లేదండీ" అన్నది. ఇంకొక దినం కాజాలో ఆగుట మంచిదని డ్రైవరు అన్నాడు. ముందుగా ఏర్పరచుకొన్న గుడారం, తిరుగు ప్రయాణపు టిక్కెట్టు జ్ఞాపకం చేసికొని, వద్దన్నాను.

మరునాడు లోసర్ దాటి కుంజుం కనుమ ఎక్కినాము. ఎత్తు సుమారు 15,000 అడుగులు. సముద్రతీరంలో ఊపిరికి అందే ప్రాణవాయువులో అక్కడ పదింట ఆరు పాళ్ళు కూడ అందదు. కనుమ మీది అమ్మవారి గుడికి బండ్లన్నీ ప్రదక్షిణం చేసి పోవును. మేమూ చేసినాము. దిగుడులో మా ఆవిడ రెండుమార్లు వాంతి చేసికొన్నది. బాతాల్ ఇంకా చేరకముందే దారి చీలును. ఒకటి చంద్ర నది వెంట క్రిందికి, మనాలి వైపు, రెండవది చంద్రతాల్‌కు. చీలిక వద్ద డ్రైవరు బండి ఆపి, ఆమెను దింపి, మడమకు వ్రేలు తగిలేటట్లు అడుగు వెంట అడుగు పెట్టి తిన్నగా నడవమన్నాడు. నాలుగడుగులు వేయలేక ఆమె ప్రక్కకు తూలినది. ఇక పైన ఉండరాదని, వెంటనే దిగవలెనని అతడు చెప్పినాడు. ఎత్తుకు శరీరం అలవాటు పడకపోతే మెదడు వాచును. దానికి మొదటి మందు క్రిందికి దిగుటే. అది నేను ప్రయాణానికి ముందే చదివి ఉన్నాను.

చదివి ఉండి కూడ నేను దారివైపు చూచాను. పది పన్నెండు కిలోమీటర్లు. పోను గంట, రాను గంట. ఆమె నా చూపు కనిపెట్టినది. "ఇంత దూరం వచ్చి మానుకోవడమేమిటండీ? మీరు చూసి రండి. నేను బండిలోనే పడుకుంటాను" అన్నది. నిజం వ్రాయవలె గనుక వ్రాయుచున్నాను: నేను వెంటనే వద్దనలేదు. ఎంతసేపు ఊరకుంటినో తెలియదు. అది నాకు ఇప్పటికిని బరువే. డ్రైవరు నా జవాబుకు ఆగలేదు. ఆమెను వెనుక సీటులో పడుకోబెట్టి, బండిని క్రిందిదారికి త్రిప్పినాడు.

ధర్మరాజును ఇంద్రుడు రథమెక్కించుకొన్నది చంద్రతాల్ వద్దనే అని ఆ కొండప్రజలు చెప్పుకొందురు. వెంట వచ్చిన కుక్కను వదలి స్వర్గానికైనా రానన్న ఆ మహానుభావుని కథ ఎన్ని తరగతులకు చెప్పినానో లెక్కలేదు. బాతాల్ దాటిన పిదప ఆ కథే నా తలలో తిరిగినది. ఆ పోలిక మా ఆవిడకు మాత్రం నేటివరకు చెప్పలేదు.

ఆ దారి దారి కాదు. నదిలోని గుండ్రాళ్ళమీద బండి నడిచినట్లుండును. వాగులు రోడ్డును దాటవు. రోడ్డే వాగులో నడచును. గ్రాంఫూ చేరడానికి అయిదు గంటలు పట్టినది. పూర్వమైతే అక్కడినుండి మరల పైకి, సుమారు 13,000 అడుగుల రోహ్‌తాంగ్ కనుమను ఎక్కి దిగితేనే మనాలి. ఊపిరాడని రోగిని మరల ఎత్తుకు ఎక్కించవలసి వచ్చేది. చలికాలంలో ఆ కనుమ మూతపడితే లాహుల్ రోగులకు హెలికాప్టరే దిక్కు. 2020 అక్టోబరు 3వ తేదీన తెరచిన అటల్ సొరంగం సుమారు 10,000 అడుగుల ఎత్తున, 9 కిలోమీటర్ల పొడవున కొండను తొలుచుకొని పోవును. మేము ఆ నోటిలో ప్రవేశించినప్పుడు చీకటి పడుచున్నది. పావుగంటలో ఆవల దేవదారు వనాలలో బయటపడినాము. దానిని తొలిచినవారి పేర్లు నాకు తెలియవు. వారందరికీ మనసులోనే దండం పెట్టినాను.

మనాలి ఆసుపత్రిలో ఆ రాత్రి ప్రాణవాయువు పెట్టినారు. తెల్లవారేసరికి ఆమె కాఫీ అడిగినది. బయట బియాస్ హోరు వినబడుచున్నది. కట్లు విప్పే నది అది. చిన్ననాటినుండి నేను కోరిక అనుకొన్నది ఎంత గట్టి త్రాడో దాని ఒడ్డున కూర్చున్నప్పుడు తెలిసినది.

మూడవనాడు వైద్యుని అనుమతి మీద మరల సొరంగం దాటి, ఏటివాలున తాండి వరకు పోయినాము. అక్కడనే చంద్ర, భాగ కలియును. చంద్రుని కూతురు, సూర్యుని కొడుకు ప్రేమించుకొని, బారాలాచా కనుమ నుండి చెరియొక వైపునకు బయలుదేరి, కొండలన్నీ చుట్టి ఇచ్చట కలిసికొన్నారని లాహుల్‌లో కథ. ఆ ప్రజలు తమవారి అస్థికలను ఈ సంగమంలోనే కలుపుదురు. మా డ్రైవరు రెండు నీటిధారలలో చంద్ర ఏదో వ్రేలితో చూపినాడు. మా ఆవిడ వంగి ఆ వైపు నీరు దోసిలితో పట్టి, "మీ సరస్సు ఇదేగా?" అన్నది. చంద్రతాల్ పొంగి చంద్రలో పడును గనుక అది ఆ నీరే. చల్లదనానికి మా ఇద్దరి వేళ్ళు కొంకర్లు పోయినవి.

మేము ఇల్లు చేరిన పది దినాలకు అమ్మాయి టెలిఫోను చేసినది; హిక్కిం కార్డు అందినదట. చదివి వినిపించినది. ఇచ్చట కొండలు బాగున్నవని, తనకు తల పగిలిపోవుచున్నదని, ఆ సంగతి నాన్నకు చెప్పలేదని, చెప్పితే ఆయన సరస్సు చూడకుండా తిరిగివస్తారని అందులో ఉన్నది. నేను ఫోను మా ఆవిడ చేతికి ఇచ్చి, పెరటిలోనికి వెళ్ళి చాలసేపు నిలుచున్నాను.