సెల్‌ఫోను కొనుటకు ముందు ఆలోచింపవలసిన విషయములు

నేడు గ్రామములలో సెల్‌ఫోను లేని ఇల్లు అరుదు. బ్యాంకు సందేశము, పింఛను సమాచారము, మిర్చి ధర, పట్టణమున చదువుచున్న పిల్లల కబురు, ఇవన్నియు దాని ద్వారానే అందుచున్నవి. కొత్త ఫోను కొనదలచినవారు, ముఖ్యముగా వృద్ధులును కూలి కుటుంబములవారును, పంచాయతీ సభ్యుల సలహా కోరుట సహజము. నెలల తరబడి కూడబెట్టిన సొమ్ముతో కూడిన విషయము కాబట్టి ఆ సలహా ఎట్లుండవలెనో ఇచ్చట వివరింపదలచినాము.

అన్ని సుగుణములును ఒక్కచోట గల ఫోను లేదు. ఒక సౌకర్యము కావలెననిన మరియొక దానిని కొంత వదులుకొనవలసి వచ్చును. కావున "ఏ ఫోను మంచిది?" అను ప్రశ్నకు ముందు "ఎవరికి? ఏ పనికి?" అని విచారింపవలెను.

బటన్ ఫోనా, స్మార్ట్‌ఫోనా?

మాటలాడుటకును, బ్యాంకు నుండియు ఆధార్ నుండియు వచ్చు ఓటీపీ సందేశములను చూచుకొనుటకును బటన్ ఫోను చాలును. డబ్బు పంపుటకు స్మార్ట్‌ఫోనే ఉండవలెనని పలువురు తలచుచున్నారు. ఇది సరికాదు. *99# అను సేవ ఇంటర్నెట్టు లేకయే పనిచేయును. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన యూపీఐ 123 పే కూడ బటన్ ఫోనుల కొరకు ఏర్పడినదే.

అయితే గల్ఫు దేశమున ఉన్న కుమారుని ముఖము చూచి మాటలాడవలెనన్నను, పిల్లలు పాఠములు వినవలెనన్నను స్మార్ట్‌ఫోను అవసరము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025 జనవరిలో వాట్సాప్ ద్వారా ప్రారంభించిన "మన మిత్ర" సేవలను ఇంటనుండియే పొందుటకును అదియే కావలెను.

మోసముల విషయమున కూడ భేదము కలదు. ప్రభుత్వ పథకము పేరిట వాట్సాప్‌లో వచ్చు ఏపీకే ఫైలును తెరచినచో స్మార్ట్‌ఫోను దుండగుల వశము కావచ్చును. బటన్ ఫోనునకు ఈ ప్రమాదము లేదు. కాని ఓటీపీ చెప్పుమని వచ్చు కాల్ రెండింటికిని వచ్చును. దానిని ఎవరికిని చెప్పరాదు.

బటన్ ఫోను కొనునపుడు నెట్‌వర్కును తప్పక విచారింపవలెను. 2జి మాత్రమే గల ఫోనులో జియో సిమ్ము పనిచేయదు. ఆ కంపెనీకి 2జి సేవ లేదు.

బ్యాటరీ, నీరు, ధూళి

సుమారు 1,000 ఎంఏహెచ్ బ్యాటరీ గల బటన్ ఫోను కొన్ని దినములు నడచును. 5,000 ఎంఏహెచ్ గల స్మార్ట్‌ఫోను ఎక్కువగా వాడినచో ఒక దినముతో సరి. పెద్ద తెరయు, ఎడతెగని ఇంటర్నెట్టును విద్యుత్తును హరించుటయే దీనికి కారణము. బటన్ ఫోను బ్యాటరీని మనమే మార్చుకొనవచ్చును. స్మార్ట్‌ఫోను బ్యాటరీ సాధారణముగా లోపల బిగింపబడి యుండును. దానిని దుకాణమున మార్పింపవలెను.

పొలమున వాడువారు ఐపీ సంఖ్యను చూడవలెను. అందు మొదటి అంకె ధూళినుండి, రెండవది నీటినుండి రక్షణను తెలుపును. ఐపీ 54 నీటి చిందులను మాత్రము తట్టుకొనును. ఐపీ 67 గలది ఒక మీటరు లోతు నీటిలో అరగంట నిలువగలదు. ఇట్టి రక్షణకు ధర హెచ్చును. కాని నీట తడిసి చెడిన ఫోనుకు సాధారణముగా వారంటీ వర్తింపదు.

ధరను లెక్కించు విధము

8,000 రూపాయల ఫోను రెండేండ్లు నడచినచో ఏటికి 4,000 రూపాయలు పడును. 12,000 రూపాయలది నాలుగేండ్లు నడచినచో ఏటికి 3,000 మాత్రమే. అందుచే భద్రతా అప్‌డేట్లు ఎన్ని సంవత్సరములు ఇత్తురో, బాగుచేయు కేంద్రము సమీపమున కలదో లేదో అడుగవలెను. అప్‌డేట్లు నిలిచిన కొంతకాలమునకు బ్యాంకు యాప్‌లు పనిచేయకపోవచ్చును. కెమెరా మెగాపిక్సెళ్లు ఎక్కువైనంత మాత్రమున బొమ్మ బాగుండదు.

వాయిదాల లెక్కయు చూడవలెను. 12,000 రూపాయల ఫోనుకు నెలకు 1,200 చొప్పున పండ్రెండు నెలలు కట్టినచో 14,400 అగును. అధికముగా పోవు 2,400 రూపాయలు కూలి కుటుంబమునకు తక్కువ సొమ్ము కాదు.

సభ్యులు చెప్పదగిన జాగ్రత్తలు

పాత ఫోను కొనువారు ముందుగా *#06# నొక్కి 15 అంకెల ఐఎంఇఐ సంఖ్యను తెలిసికొనవలెను. ఆంగ్లాక్షరములలో కె, వై, ఎం అని వ్రాసి, కొంత ఖాళీ విడిచి, ఆ సంఖ్యను చేర్చి 14422కు సందేశము పంపినచో ఫోను వివరములు తెలియును. కొత్త ఫోనుకు బిల్లు తప్పక తీసికొనవలెను.

ఫోను మారినను బ్యాంకు ఖాతాకును ఆధార్‌కును ముడిపడిన నంబరును విడువరాదు. రీచార్జి చేయక చాలకాలము వదలినచో కంపెనీ ఆ నంబరును రద్దు చేసి వేరొకరికి ఇయ్యవచ్చును. అపుడు మన ఓటీపీలు పరుల చేతికి పోవును. మోసము జరిగినచో జాగు చేయక 1930కు ఫోను చేయవలెను.

ఈ విషయములను గ్రామసభలో వివరించి, 1930, 14422 అను రెండు సంఖ్యలను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.