ఇంజను పీల్చే గాలి

మోటారుకారు పెట్రోలుతో నడుస్తుందని అందరూ అంటారు. లెక్క చూస్తే గాలితో నడుస్తుందనటమే న్యాయం. ఒక పాలు పెట్రోలు సరిగా మండటానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావలె. అనగా ఒక లీటరు పెట్రోలు ఖర్చయ్యేసరికి ఇంజను 9,000 లీటర్లకు పైగా గాలిని పీల్చుకొంటున్నది. ఆ గాలి వచ్చే దారిని వెడల్పు చేస్తే బండికి బలం హెచ్చదా అని యువకులకు తోచటంలో వింత లేదు.

ఈ ఆలోచన నాశ్రయించి ఒక వర్తకమే సాగుతున్నది. కంపెనీవారు అమర్చిన నల్లని ప్లాస్టిక్ పెట్టెను, దానిలోని కాగితపు ఫిల్టరును తొలగించి, ఆ స్థానంలో నూనె పట్టించిన నూలుగుడ్డ ఫిల్టరును, మెరిసే గొట్టాన్ని బిగిస్తారు. ‘కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్’ అని దానికి పేరు. మా మేనల్లుడు అటువంటిదొకటి కొనదలచి నన్ను సలహా అడిగినాడు. నేను కళాశాలలో భౌతికశాస్త్రం చదివినవాడనే కాని మెకానిక్కును కాను. ఐనా ఈ సంగతి తేల్చటానికి ఆ చదువు చాలునని తోచింది.

గాలిదారిలో నష్టం రెండు విధాలు. మొదటిది అడ్డు. వాతావరణపు ఒత్తిడి సుమారు 10 మీటర్ల ఎత్తు నీటి బరువుకు సమానం. కనుక ఫిల్టరు దాటేసరికి గాలి ఒత్తిడి 10 సెంటీమీటర్ల నీటిమట్టమంత తగ్గితే పోయేది నూటికి ఒక పాలు. రెండవది వేడి. గాలి 3 డిగ్రీలు వేడెక్కినా దాని సాంద్రత నూటికి ఒక పాలు తగ్గుతుంది. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. అడ్డు తగ్గించి సంపాదించినదంతా నాలుగైదు డిగ్రీల వేడి హరించివేయగలదు. మే నెలలో విజయవాడ రద్దీలో ఆగి ఉన్న కారు బానెట్టు క్రింద బయటికంటె 20 డిగ్రీలు హెచ్చుగా ఉండటం అరుదు కాదు. మూత లేని ఫిల్టరు ఆ వేడిగాలినే పీలుస్తుంది. పేరుకు మాత్రం కోల్డ్!

తీసివేసిన ఆ పాత పెట్టె ముక్కు ఎక్కడున్నదో ఎవరూ చూడరు. అనేక కార్లలో అది రేడియేటరు పైభాగాననో, హెడ్‌లైటు ప్రక్కననో బయటి గాలికి ఎదురుగా ఉంటుంది. శబ్దాన్ని అణచే గదులు కూడ ఆ పెట్టెకే జోడించి ఉంటవి. అవి పోగానే ఇంజను పెద్దగా గర్జిస్తుంది. ఆ గర్జననే బలమని చెవి పొరబడుతుంది. టర్బో ఉన్న బండ్లలో గాలి తరువాత ఇంటర్‌కూలరులో చల్లబడుతుంది కనుక అక్కడ ఈ వేడికి ప్రాముఖ్యం కొంత తక్కువ.

మైలేజీ పెరుగుతుందన్న మాట మరీ బలహీనమైనది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు 2009లో ప్రకటించిన పరీక్షలలో, కంప్యూటరు ఇంధనాన్ని కొలిచి పంపే కార్లకు దుమ్ముతో మూసుకుపోయిన ఫిల్టరు పెట్టినా మైలేజీలో చెప్పుకోదగిన తేడా రాలేదు. వేగం పుంజుకోవటం మాత్రమే మందగించింది. మురికి ఫిల్టరు తగ్గించని మైలేజీని ఖరీదైన ఫిల్టరు పెంచుతుందని ఎట్లా నమ్మటం?

ఐనా కొనదలచినవారు అంగడిలో అడుగవలసిన ప్రశ్నలున్నవి. ఐఎస్ఓ 5011 అన్న ప్రమాణం ప్రకారం ఫిల్టరు దుమ్మును నూటికి ఎన్ని పాళ్లు ఆపుతున్నదో, గాలికి ఎంత అడ్డు పెడుతున్నదో, ఎంత దుమ్ము మోయగలదో కొలుస్తారు. మూడు అంకెలూ చూపమనండి. మొదటిది దాచి రెండవదే చెప్పేవానిని నమ్మవద్దు. జారిపోయిన సన్నని ఇసుక పిస్టన్ రింగులను, సిలిండరు గోడలను అరగదీస్తుంది. నూనె ఎక్కువైన ఫిల్టరు గాలిని కొలిచే సన్నని వేడితీగకు మసి పట్టిస్తుంది. ఇక గొట్టం మూతి బంపరు దిగువకు జారే రకాన్ని మన వానకాలానికి నేను ఒప్పుకోను. నీరు నలిగేది కాదు. సిలిండరులోకి చేరితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. నీటిలో ఆగిన బండిని మళ్లీ స్టార్టు చేయబోవటం అందుకే ప్రమాదం. సాధారణ బీమాలో తరచు ఈ నష్టానికి పరిహారం ఉండదు.

మా మేనల్లుడిని ముందు కొలిచి చూడమన్నాను. కారులో స్టీరింగు క్రింద ఉండే ఓబీడీ సాకెట్టుకు చిన్న పరికరం తగిలిస్తే ఇంజను పీల్చే గాలి వేడి ఫోనులో కనిపిస్తుంది. జాతీయ రహదారిమీద నడిపి చూస్తే బయటికంటె 14 డిగ్రీలు హెచ్చుగా ఉన్నది. బానెట్టు ఎత్తితే కారణం తెలిసింది. ఎప్పటి సర్వీసులోనో పెట్టె ముక్కు గొట్టం ఊడి, రేడియేటరు వెనుకకు జారి పడిఉన్నది. దానిని యథాస్థానంలో పెట్టి క్లిప్పు బిగించిన తరువాత తేడా 4 డిగ్రీలకు దిగింది. కొత్త క్లిప్పు వెల ముప్పది రూపాయలు.