ఫ్రాన్స్‌ల రాజరికం ఒక్క దెబ్బకు పోలే

ఫ్రాన్స్‌ల రాజరికం ఎప్పుడు పోయిందని అడిగితే, బడి పుస్తకం యాదికున్నోళ్లు 1789 జులై 14 అంటరు. జనం బాస్టిల్ కోట మీద పడ్డ దినం. గని ఆ రోజు కోటల ఉన్న ఖైదీలు ఏడుగురే. రాజు పదహారో లూయీ ఆ తర్వాత గూడ మూడేండ్లు గద్దె మీదనే ఉన్నడు.

లొల్లి పైసల కాడ మొదలైంది. అమెరికా యుద్ధంల సాయానికి దిగి ఖజానా అప్పులపాలైంది. దొరలకు, చర్చి పెద్దలకు శానా పన్నులు మాఫీ. రైతేమో శిస్తు కట్టాలె, ఉప్పు మీద పన్ను కట్టాలె, పంటల చర్చికి వంతు తియ్యాలె. 1788ల రాళ్లవాన పంటను కొట్టింది, రొట్టె ధర ఎక్కింది. పన్నుల సంగతి తేల్చెతందుకు 1614 నుంచి పిలవని సభను రాజు 1789 మేల పిలిచిండు. పిలిచినంక అది ఆయన చేతుల ఉండలే. అక్టోబర్‌ల పారిస్ ఆడోళ్లు రొట్టె కోసం వెర్సాయ్ దాకా నడిచిపోయి, రాజు కుటుంబాన్ని పట్నానికి తోలుకొచ్చిన్రు.

నన్నడిగితే అసలు దెబ్బ పడ్డది 1791 జూన్‌ల. రాజు మంచోడే, చుట్టున్నోళ్లే చెడగొడుతున్నరని అప్పటిదాకా శానా మంది నమ్మిన్రు. (గీ మాట మన కాడ గూడ ఇంటనే ఉంటం.) గా రాజే నౌకరు లెక్క ఏషమేసి, పెండ్లాం పిల్లలతోని రాత్రికి రాత్రి బండెక్కి సరిహద్దు దిక్కు పోయిండు. వరెన్ అనే చిన్న ఊర్ల దొరికిండు. జనాన్ని ఇడిసిపెట్టి ఉరికేటోన్ని ఇగ ఎవరు నమ్ముతరు? 1792 ఆగస్టు 10న ఆయనుండే తుయిలరీ మహల్ మీద పడ్డరు. సెప్టెంబర్ 21న కొత్త సభ రాజరికం రద్దు చేసింది. 1793 జనవరి 21న గిలెటిన్ కింద ఆయన తల తీసిన్రు.

సినిమా అయితే ఈడ శుభం కార్డు పడాలె. పడలే. 1804ల నెపోలియన్ చక్రవర్తి అయిండు. ఆయన ఓడినంక లూయీ తమ్ముడు, ఆ తర్వాత ఇంకో తమ్ముడు పదో చార్లెస్ గద్దెనెక్కిన్రు. చార్లెస్‌ను 1830ల మూడు దినాల కొట్లాటల ఎల్లగొట్టిన్రు. సుట్టం లూయీ ఫిలిప్ వచ్చిండు, 1848ల ఆయన గూడ పోయిండు. ఫ్రాన్స్‌కు ఆఖరి రాజు ఆయనే. నెపోలియన్ తమ్ముని కొడుకు ఓట్లతోని ప్రెసిడెంటై, 1852ల చక్రవర్తినన్నడు. 1870ల సెడాన్ కాడ ప్రష్యా ఫౌజుకు దొరికిపోయిండు. సెప్టెంబర్ 4న పారిస్‌ల రిపబ్లిక్ అన్నరు.

అయినా ఖతం కాలే. 1871 ఎలక్షన్ల గెలిచినోళ్లల్ల ఎక్కువ మంది రాజు కావాలనేటోళ్లే. యుద్ధంతోని యాష్టకొచ్చిన జనం, సంధి చేస్తమన్నోళ్లకు ఓటేసిన్రు. చార్లెస్ మనుమడు షాంబోర్‌ను గద్దెనెక్కిద్దామని రెండు వర్గాలు గూడ ఒప్పుకున్నయి. ఆయన మూడు రంగుల జెండా వద్దన్నడు. తాతల నాటి తెల్ల జెండానే కావాలని 1873ల గూడ మంకుపట్టు పట్టిండు. రాజు కావాలనేటోళ్లే తలలు పట్టుకున్నరు. చేతికొచ్చిన గద్దె బట్ట ముక్క కాడ ఆగిపోయింది.

1875 జనవరి 30న, రిపబ్లిక్‌కు ప్రెసిడెంటును ఎట్ల ఎన్నుకోవాలె అనే సవరణ మీద సభల ఓట్లు లెక్కపెట్టిన్రు. కావాలని 353, వద్దని 352. 1883ల షాంబోర్ పిల్లలు లేకుంటనే సచ్చిపోయిండు. రిపబ్లిక్‌ను ఇగ మార్చొద్దని, ఫ్రాన్స్‌ను ఏలిన కుటుంబాలోళ్లు ప్రెసిడెంట్ కాకూడదని తెల్లారి ఏడు రాజ్యాంగంల రాసిన్రు.