పక్క నుంచి వెలుగు

గుడ్డులో పెరుగుతున్న చేపపిల్లను కోయకుండా, చంపకుండా దాని లోపలి కణాలను చూడగలమా అని ఒక పాఠకురాలు అడిగారు. ఉత్తరం చదివాక ఈ నెల ఇంకో విషయం రాయబుద్ధి కాలేదు.

చూడగలం. కణాల్లో ఒక మెరిసే ప్రొటీన్ తయారయ్యేలా చేస్తారు. నీలి లేజర్ పడితే అది ఆకుపచ్చగా వెలుగుతుంది. ఫ్లోరోసెన్స్ అంటే ఇదే. చిక్కంతా ఆ లేజర్‌తోనే: ఎక్కువసేపు పడితే మెరుపు మాసిపోతుంది, కణం దెబ్బతింటుంది.

మార్విన్ మిన్‌స్కీ 1957లో పేటెంటుకు పెట్టిన కాన్‌ఫోకల్ పద్ధతిలో, మనకు కావలసిన పొర నుంచి వచ్చే వెలుగును మాత్రమే ఒక సన్నని రంధ్రం రానిస్తుంది. బొమ్మ స్పష్టంగా వస్తుంది. అయితే ఆ వడపోత వెలుగు తిరిగొచ్చేటప్పుడే. వెళ్ళేటప్పుడు లేజర్ పిండం మందమంతా దూసుకుపోతుంది. వంద పొరలు బొమ్మ తీస్తే ప్రతి పొరా వందసార్లు ఆ దెబ్బ తింటుంది.

ఇప్పుడు పెంకుటిల్లు తలుచుకోండి. మధ్యాహ్నం పెంకుల సందులోంచి ఎండ వాలుగా దిగుతుంది. పక్కన నిలబడి చూస్తే అందులో నలుసులు ఒక్కొక్కటే మెరుస్తాయి, ఎండ దాటగానే మాయమవుతాయి. త్రసరేణువులని మన పూర్వులు వాటికి పేరు కూడా పెట్టారు. 1903లో జీడెంటాఫ్, జిగ్‌మోండి ఈ కిటుకుతోనే కెంపురంగు గాజులో దాగిన బంగారు నలుసులను పట్టుకున్నారు. జిగ్‌మోండికి 1925 సంవత్సరపు రసాయన నోబెల్ వచ్చింది. జీవశాస్త్రం మాత్రం వెలుగు పంపే లెన్సుతోనే చూడాలన్న అలవాటును దశాబ్దాలపాటు వదల్లేదు. పొరపాటు అక్కడే జరిగింది. 1993లో వోయ్ బృందం పక్క వెలుగుతో గినీ పంది లోపలి చెవిని చూసింది కానీ, అది ప్రాణం లేని కణజాలం.

2004లో హైడల్‌బర్గ్‌లో హ్యూస్కెన్, స్టెల్జర్ బృందం లేజర్‌ను పలుచని రేకులా పరిచి పిండంలోకి పక్క నుంచి పంపింది. చూసే లెన్సు దానికి సరిగ్గా 90 డిగ్రీల్లో ఉంటుంది. చూస్తున్న పొర ఒక్కటే వెలుగుతుంది, దానికి పైనా కిందా చీకటి. వంద పొరలు తీసినా ఒక్కో పొర మీద వెలుగు పడేది ఒక్కసారే! పైగా కాన్‌ఫోకల్‌లా చుక్కచుక్కా తిరగక్కర్లేదు, పొర మొత్తాన్ని కెమెరా ఒకేసారి పట్టేస్తుంది. నల్లటి కన్ను లాంటిది అడ్డొస్తే వెనక నీడచారలు పడతాయి. అందుకే పిండాన్ని జెల్‌లో నిలిపి తిప్పుతారు, రెండు వైపుల నుంచీ వెలుగు పంపుతారు.

2008లో స్టెల్జర్ బృందమే జీబ్రా చేప పిండంలో కణాలు ఎక్కడెక్కడికి కదులుతున్నాయో మొదటి 24 గంటలపాటు వెంటాడి చూసింది. దీంతో మందులేమైనా వస్తాయా అని వెంటనే అడుగుతారు. రావచ్చు. ఒక ప్రాణి తనను తాను కట్టుకుంటుంటే చూడగలగడం నా లెక్కలో అంతకంటే పెద్ద సంగతి.