లొట్టికి చీటీ లేదు

నేను కల్లు మీద వ్యాసం రాస్తున్నానని తెలిసి మా ఆవిడ ముక్కుమీద వేలేసుకున్నది. "ముప్పై ఏళ్లు పిల్లలకు నీతి పద్యాలు చెప్పిన చేత్తో ఇదేం రాతండీ?" అన్నది. పద్యాలు నోటితో చెబుతారు గాని చేత్తో కాదని మనవి చేసుకున్నాను. ఆమె వినిపించుకోలేదు. పాఠకులైనా కాస్త ఓపికగా వింటారని ఆశ.

మాది కాటారం. ఇదివరకు కరీంనగర్ జిల్లాలో ఉండేది. 2016 లో జిల్లాలు విడదీసినప్పుడు భూపాలపల్లి వైపు వచ్చింది. కాళేశ్వరం పోయే యాత్రికుల బస్సులు మా ఊరి మీదుగా పోతుంటాయి. చుట్టూ అడవి, చెరువు గట్ల మీద తాళ్లు, ఈదులు. అలాంటి ఊళ్లో పుట్టిన నేను కిందటేడు మా పెద్దవాడి దగ్గరకు కాలిఫోర్నియా వెళ్లి, ఒక ద్రాక్షసారా సంఘం వారి విందులో కూచున్నానంటే దాన్ని విధి విలాసమనే అనాలి.

మావాడు ఆ సంఘంలో సభ్యుడు. "నాన్నా, తాగనక్కర లేదు, చూడు చాలు" అని బతిమాలి తీసుకుపోయాడు. బల్ల మీద ఒక్కొక్కరి ముందు ఎనిమిదేసి గ్లాసులు. సీసాలకు కాగితం చుట్టి అంకెలు వేశారు, పేరు చూసి మొగ్గకుండా. నాలుగు తెల్లవి, నాలుగు ఎర్రవి. ఎర్రవన్నీ కాబర్నే అనే రకం ద్రాక్షవి. అందరూ గ్లాసు తిప్పడం, ముక్కు లోపల దూర్చడం, ఒక గుక్క పుక్కిలించి పక్కనున్న పాత్రలో ఉమ్మడం! తాంబూలం వేసుకున్న మా తాతగారు కూడా అంత శ్రద్ధగా ఉమ్మి ఉండరు.

పక్కనున్న పెద్దమనిషి నాకు ఓపికగా చెప్పాడు. తెల్లదానికి ద్రాక్షను పిండి రసం మాత్రమే పులియబెడతారట. ఎర్రదానికి తొక్కలతో సహా పులియబెడతారట. ఆ రంగూ, నాలుకను పట్టేసే వగరూ తొక్క నుంచీ గింజ నుంచీ వచ్చేవే. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని చూశాను. మా అడవిలో పచ్చి తునికికాయ కొరికినట్టనిపించింది. ఆ మాట మావాడు ఇంగ్లీషులో చెబితే బల్లంతా నవ్వింది. కాని ఒకాయన మాత్రం ఆ మాటను తన పుస్తకంలో రాసుకున్నాడు.

తెల్లవాళ్లూ ఎర్రవాళ్లూ వియ్యాలవారిలా పోటీ పడుతుండగా ఒకావిడ అసలు గుట్టు విప్పింది. 1997 లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు వంశపరీక్ష చేసి చూస్తే, కాబర్నే సావిన్యోన్ కన్నవాళ్లలో ఒకటి కాబర్నే ఫ్రాన్ అనే నల్ల ద్రాక్ష, రెండోది సావిన్యోన్ బ్లాన్ అనే తెల్ల ద్రాక్ష అని తేలిందట. కులగోత్రాల గర్వం ద్రాక్షలకైనా నిలవదన్నమాట!

కాగితం చుట్టడం ఎందుకని అడిగితే 1976 నాటి కథ చెప్పారు. ఆ ఏడు మే 24 న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వర్తకుడు ఇలాగే పేర్లు దాచి ఫ్రెంచి పండితుల చేత రుచి చూపించాడు. తెల్లవాటిలోనూ ఎర్రవాటిలోనూ కూడా మొదటి స్థానం ఫ్రాన్సుకు కాదు, కాలిఫోర్నియాలోని నాపా లోయకు వచ్చింది. పండితులు తెల్లబోయారట.

ఇంతకూ నాకు మనసున నాటింది రుచి కాదు. చివర కాగితాలు విప్పినప్పుడు వాళ్లడిగిన ప్రశ్నలు. ఏ కొండ వాలు? ఏ ఏటి పంట? చేసినదెవరు? ఒక్కొక్క సీసాకూ ఊరూ, పేరూ, ఏడూ చీటీ మీద ఉన్నాయి. నాకు మా ఊరి గౌడు గుర్తుకొచ్చాడు. అరవై ఏళ్లుగా ఆయన కల్లు ఈ ఊరు తాగుతున్నది. ఏ చెట్టుదని ఎవరైనా అడిగారా?

మాఘంలో ఊరు చేరగానే ఆ ముచ్చట తీర్చుకోవాలనిపించింది. గౌడుకు సంగతంతా చెప్పాను. ఆయన మోకు భుజాన వేసుకుని నిలబడి విన్నాడు.

"సీసకు సీటి అంటిస్తరా సారూ? మా లొట్టికి సీటి లేదు. నా మొఖమే సీటి" అన్నాడు.

మా విందు పొద్దున్నే. ఎందుకంటే ద్రాక్షరసానికి ఏళ్లు ఆగే ఓపిక ఉన్నది గాని కల్లుకు పూటైనా లేదు. చెట్టు నుంచి కారే నీరా తియ్యని నీరు. గాలిలోనూ లొట్టిలోనూ ఉన్న సూక్ష్మజీవులు ఆ తీపిని పట్టుకుని గంటల్లో పులియబెడతాయి. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ పులుపు ఆగుతుంది. పొద్దున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి ఘాటెక్కి, మర్నాటికి సిర్కాలా పుల్లనవుతుంది. తాటికి గెలను చెక్కుతారు. ఈతకు తల దగ్గర మానునే గీస్తారు. ఆ గీత రోజూ తప్పకూడదు. పండగైనా, జ్వరమైనా చెట్టెక్కవలసిందే.

పెరట్లో చాప పరిచాం. మా ఆవిడ ముఖం ముడుచుకుంటూనే సర్వపిండి చేసి పెట్టింది. పక్కింటివారిద్దరు వచ్చారు. బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసుకున్న మా బావమరిది కూడా పట్నం నుంచి వచ్చాడు. నేను లొట్లకు పాత పేపర్లు చుట్టి అంకెలు వేశాను. ఒకటి ఈత, రెండు పోతుతాడు. తీరా చూస్తే మూడోది కూడా ఉన్నది!

"నేను తెచ్చాను, బావా! పట్నంలో ఒక దుకాణంలో కొన్నాను. మీ గౌడు కనిపెడతాడేమో చూద్దాం" అని కన్నుగీటాడు మా బావమరిది.

తాటాకు రేకలు మడిచి చుక్క చుక్క పోశాం. మొదటిది తేలిక, చెరుకు వాసన. రెండోది కాస్త ఘాటు, నోటి నిండా నిలిచేది. పక్కింటాయన మొదటిదే తాడన్నాడు, తప్పు. నేను రెండోది ఈత అన్నాను, అదీ తప్పే. గౌడు మాత్రం వాసన చూసి రెండూ చెప్పాడు. రెండోది ఏ చెట్టుదో కూడా చెప్పాడు.

మూడోది వాసన చూసి ఆగాడు. వేలు ముంచి నాలుక కొసకు తాకించి వెంటనే ఉమ్మాడు. పక్కింటాయన అప్పటికే రేక నోటి దాకా ఎత్తాడు. గౌడు చటుక్కున ఆ చేయి పట్టుకున్నాడు.

"తాగకుండ్రి. ఇది ఎన్నడు గీసింది?"

"నిన్న పొద్దున కొన్నాను" అన్నాడు మా బావమరిది.

"నిన్నటిదైతే ఇయ్యాల్టికి పులవాలె. ఇది ఇంకా తియ్యగనే ఉన్నది, ఎనకమాల శేదు. ఇది చెట్టు కల్లు కాదు సారూ. మందుకల్లు."

ఎవరూ మాట్లాడలేదు. క్లోరల్ హైడ్రేటు, ఆల్‌ప్రాజోలం లాంటి నిద్రమందులు, తీపికి సాకరిన్ కలిపి కల్లని అమ్మడం మన రాష్ట్రంలో పాత జాడ్యం. దానికి అలవాటుపడినవారు ఒక్క పూట దొరక్కపోతే పిచ్చిగా ప్రవర్తిస్తారు. ప్రాణాలు పోయినవారూ ఉన్నారు. మావాడి దేశాల్లోనూ ఈ మోసం లేకపోలేదు. 1985 లో ఆస్ట్రియాలో కొందరు ద్రాక్షసారాలో తీపి కోసం విషరసాయనం కలిపి పట్టుబడ్డారు. దాంతో ఆ దేశపు సరుకు ఎవరూ ముట్టలేదు. ఆ ఏడే వాళ్లు కఠినమైన చట్టం చేసుకుని, సీసా మీది పేరుకు పూచీ పడి, మెల్లగా మర్యాద తిరిగి సంపాదించుకున్నారు.

గౌడు మూడో లొట్టిని తీసుకుపోయి దూరంగా గోతిలో పారబోశాడు. తిరిగి వచ్చి చెప్పాడు: కొన్నేళ్ల కింద ఒకాయన వచ్చి, నీ కల్లంతా నాకు పొయ్యి, నీళ్లు నేను కలుపుకుంటాను, నువ్వు చెట్టెక్కే పని కూడా తగ్గుతుంది అన్నాడట. ఈయన ఒప్పుకోలేదు. ఆ డబ్బు వదులుకున్నందుకు కొడుకు ఇప్పటికీ అలుగుతాడట. తాడు మీద నుంచి పడి తమ్ముడు నడుము విరిగిన ఇంట్లో, కొడుకు చెట్టెక్కనంటే తప్పు పట్టలేం. 2024 లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచమని తాళ్లు, కొక్కేలు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పనే. కాని నడుముకు కట్టే తాడొక్కటే చాలదు. చేసిన పనికి పేరూ ఉండాలి.

అందరినీ కల్లు తాగమని నేను చెప్పడం లేదు సుమండీ. మా ఆవిడ ఇది చదువుతుంది కూడాను. చెప్పేదల్లా ఒక్కటే. చీటీ లేని చోట మనిషి ముఖమే చీటీ. ఆ ముఖం ఎవరిదో మనం అడగడం మానేసిన రోజున దుకాణంలోని మూడో లొట్టి మన ఇంటికి వస్తుంది.

వెళ్లిపోయేటప్పుడు మా బావమరిది గౌడు దగ్గరకు పోయాడు. ఎన్నడూ ఏకవచనం తప్ప ఎరగనివాడు, "గౌడుగారూ, ఇందాక రెండోది ఏ చెట్టుదన్నారు?" అని అడిగాడు.

గౌడు మోకు సర్దుకుని చెరువు గట్టు వైపు చేయి చాపాడు.

"అగో, తూర్పు దిక్కు మూడోది. మా నాయిన ఎక్కిన తాడు."