పురుగుమందు డబ్బా మీద 17.8 అంటే ఏంటి?

స్కూల్లో శుద్ధ పదార్థాలు, మిశ్రమాలు అని ఒక చాప్టర్ ఉంటుంది. ఉప్పు, ఇసుక, ఇనుప రజను కలపడం, విడదీయడం... అంతటితో మనం దాన్ని మర్చిపోతాం. కానీ పత్తి, మిర్చి, మామిడి పండే మా తిరువూరు వైపు ఆ చాప్టర్ మొత్తం ఎరువుల కొట్టులోనే కనిపిస్తుంది.

ముందు 'ప్యూర్' అనే మాట సంగతి. బజార్లో ప్యూర్ అంటే కల్తీ లేనిది. కెమిస్ట్రీలో మాత్రం ఒకే మూలకం, లేదా ఒకే సమ్మేళనం. ఆ లెక్కన చుక్క నీళ్లు కలపని గేదె పాలు కూడా మిశ్రమమే.

ఇప్పుడు యూరియా చూద్దాం. దాని అణుభారం 60. అందులో రెండు నైట్రోజన్ల వాటా 28. అంటే 46.7 శాతం. బస్తా మీద ఉండేది 46 శాతం. వేప నూనె పూత, కొంచెం తేమ తీసేస్తే అది దాదాపు శుద్ధ పదార్థమే. డీఏపీ అలా కాదు. శుద్ధమైన డై అమ్మోనియం ఫాస్ఫేట్‌లో నైట్రోజన్ 21 శాతం ఉండాలి, బస్తా మీద 18 అనే ఉంటుంది. ఇది మోసం కాదు. ఫ్యాక్టరీలో తయారయ్యే డీఏపీలో వేరే లవణాలు కూడా ఉంటాయి. ఆ గ్రేడే 18-46-0.

మూడో రకం ఫార్ములేషన్. ఇది కూడా మిశ్రమమే. కాకపోతే ఒక పని కోసం, ప్రతిదీ కొలిచి కలిపిన మిశ్రమం. పారాసిటమాల్ మాత్ర, పెయింటు, పురుగుమందు అన్నీ ఇవే.

రసం పీల్చే పురుగులకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ తీసుకోండి. 17.8 ఎస్ఎల్ అంటే బరువులో 17.8 శాతమే అసలు మందు. మిగతాది ద్రావణి, మందు నీళ్లలో సమంగా కలవడానికి తోడ్పడేవి. ఇదే మందు 70 డబ్ల్యూజీ అని గుళికల్లో కూడా వస్తుంది. 10 మిల్లీలీటర్ల ఎస్ఎల్‌లో మందు సుమారు 2 గ్రాములు. 10 గ్రాముల డబ్ల్యూజీలో 7 గ్రాములు. 'పేరు ఒకటే కదా' అని పాత కొలతే వేస్తే మూడున్నర రెట్లు పడుతుంది. డబ్బు దండగ, పంటలో అవశేషాలు, తేనెటీగలకు ముప్పు, అన్నిటికంటే ముందు ట్యాంకు మోసే మనిషికి ప్రమాదం.

ఈసీ అని ఉన్న మందు నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడుతుంది. అది మందు ఘాటు వల్ల కాదు. నూనెలాంటి ద్రవం సన్నని బిందువులుగా విడిపోయి వెలుతురును చెదరగొడుతుంది, అంతే.

పేరులోనే 'మిశ్రమం' ఉన్న బోర్డో మిశ్రమం ఇంకో తమాషా. ఒక శాతం బోర్డోకి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు. కలిపేది రెండే అయినా అక్కడ జరిగేది రసాయన చర్య. కొత్త రాగి సమ్మేళనాలు పుడతాయి. సున్నం చాలిందా లేదా తెలియాలంటే ఇనుప కత్తి కాసేపు ముంచి చూస్తారు. కత్తికి ఎర్రగా రాగి పూత పట్టిందంటే మైలుతుత్తం ఇంకా మిగిలి ఉందని అర్థం. అలాగే కొడితే ఆకులు మాడతాయి. ఇంకొంచెం సున్నం కలపాలి. ల్యాబ్‌లో కాపర్ సల్ఫేట్‌లో ఇనుప మేకు వేసిన ప్రయోగమే ఇది, పొలం గట్టు మీద.

ఇంట్లో వ్యవసాయం ఉన్నవాళ్లు సెలవులకి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. డబ్బా మీది అక్షరాలు చాలా చిన్నవి, పెద్దవాళ్లకి కనబడవు. మందు పేరు, పక్కన శాతం, ఎస్ఎల్, ఈసీ లాంటి అక్షరాలు, ఎకరానికి మోతాదు చదివి వినిపించండి. కింద రంగు త్రికోణం కూడా చూడండి. ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నా చేతులకి గ్లౌజులు, మూతికి గుడ్డ తప్పదు.